హేమంతపు ఆకలి

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ నుంచి కోంటా వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి దర్భా ఘాట్ దిగి, తోంగ్‌పాల్ మీదుగా సుక్మా చేరుతుంది. పైనున్న పీఠభూమి ఎత్తు సుమారు 550 మీటర్లు. కింద శబరి గట్టున ఉన్న కోంటా మన చింతూరు, కూనవరాల్లాగే పల్లపు ఊరు. అడవి ఒక్కటే, నెల ఒక్కటే, చలి మాత్రం ఒక్కటి కాదు. పుష్యమాసంలో తెల్లవారుజామున చెట్ల ఆకుల నుంచి మంచు చినుకుల్లా రాలుతుంది. మధ్యాహ్నానికి ఒంటి మీద చొక్కా బరువనిపిస్తుంది. పొద్దు వాలగానే మళ్లీ నెగడు చుట్టూ చేరాల్సిందే. ఇలాంటి చోట చలికాలపు ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే, ఏటా కార్తీకం దాటగానే పత్రికల్లో, ఫోన్లలో తిరిగే జాబితాలు పనికిరావు. బాదంపప్పు, కుంకుమపువ్వు వేసిన పాలు, సీసాల్లో చ్యవనప్రాశ, ఉన్ని దుప్పట్ల కింద సుఖనిద్ర: ఇవి ఉత్తరాది పట్టణాల చలికి పుట్టిన సలహాలు. వాటి మీద ఆయుర్వేదం అనే పేరు వేసి అందరికీ పంచుతున్నారు. నిజానికి ఆయుర్వేదంలోని ఋతుచర్య సరుకుల జాబితా కాదు, ఒక తర్కం. చలికి ఆకలి పెరుగుతుంది, దానికి చాలినంత తిండి పెట్టు, ఒంటిని పొడిబారనివ్వకు, ఏదైనా సరే నీ నేలను బట్టి, నీ బలాన్ని బట్టి కొలుచుకో. ఈ తర్కంతో చూస్తే సుక్మాలో చలికాలానికి కావలసినవన్నీ అడవిలో, చేలో ఉన్నాయి. అవి ఇంట్లో నిలవకపోవడమే అసలు సమస్య.

చరక సంహిత సూత్రస్థానంలో ఆరో అధ్యాయం ఋతువుల గురించే. ఏడాదిని అది రెండు సగాలు చేస్తుంది. వర్ష, శరత్, హేమంతాలు ఒంటికి బలం ఇచ్చే కాలం. శిశిర, వసంత, గ్రీష్మాలు బలం లాక్కునే కాలం. మార్గశిర పుష్యాల హేమంతంలో మనిషి బలం శిఖరాన ఉంటుంది. బయటి చలిగాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి లోపలి జఠరాగ్ని రగులుతుంది. కుమ్మరి ఆవం మీద మట్టి మెత్తితే వేడి లోపలే పోగుపడి కుండల్ని కాల్చినట్టు. అంతవరకూ అందరూ చెప్పేదే. తరవాతి మాటను మాత్రం చాలామంది దాటేసి పోతారు. రగిలిన ఆ అగ్నికి తగినంత ఆహారం అందకపోతే అది ఒంట్లోని రసధాతువునే తినేస్తుంది, దాంతో వాతం చెడుతుందని శాస్త్రం హెచ్చరిస్తుంది. అంటే హేమంతంలో మొదటి తప్పు అతిగా తినడం కాదు, తక్కువ తినడం. అందుకే ఆ అధ్యాయం నెయ్యి, నూనె, కొవ్వు, కొత్తబియ్యపు అన్నం, బెల్లం వంటి చెరకు పదార్థాలు, పాలు, కొవ్వున్న మాంసరసాలు, వేడినీళ్లు చెబుతుంది. ఒంటికీ తలకీ నూనె మర్దన, ఎండ, గాలి చొరబడని గది, మందపాటి కప్పుడు కావాలంటుంది. తేలికపాటి తిండి, అరకొర తిండి, ఎదురుగాలి వద్దంటుంది.

దీన్ని ఇవాళ్టి కొలతలతో పరీక్షించవచ్చు. చలికి చర్మం కిందున్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద బరువు పడుతుంది. ఒంటి వేడిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి శరీరం అదనంగా ఇంధనం ఖర్చు పెడుతుంది. 2015లో లాన్సెట్ పత్రిక అచ్చువేసిన ఒక పెద్ద అధ్యయనం 13 దేశాల్లో 7.4 కోట్ల మరణాలను లెక్కలోకి తీసుకుంది. ఉష్ణోగ్రతకు ముడిపడిన మరణాలు మొత్తంలో 7.7 శాతం ఉంటే, అందులో వేడి వాటా అర శాతంలోపే, మిగిలిందంతా చలిదే. పైగా అది ఎముకలు కొరికే చలి కాదు, చాలా భాగం మామూలు చలి. ఆ 13 దేశాల్లో భారతదేశం లేదు. 2018లో మన దేశం మీద వచ్చిన అధ్యయనం కూడా అదే దిక్కు చూపింది. నడివేసవి వడదెబ్బల్లా ఈ మరణాలు వార్తల్లోకి ఎక్కవు. గుండెజబ్బుగా, ఊపిరితిత్తుల జబ్బుగా, పక్షవాతంగా విడివిడిగా వచ్చి పోతాయి. ‘మా దగ్గర చలి ఎంతని’ అనే ధీమా దక్షిణాదిలో మనందరికీ ఉంది. సుక్మాలో పగలు వెచ్చగా ఉండడం వల్ల ఆ ధీమా ఇంకొంచెం ఎక్కువ. కానీ పగటికీ తెల్లవారుజాముకీ మధ్య తేడా పెద్దదిగా ఉన్నచోట ఒళ్లు రోజుకు రెండుసార్లు సర్దుకోవాలి. కప్పుకోను చాలినంత బట్ట, కడుపులో చాలినంత రాత్రి భోజనం లేని ముసలివాళ్లకీ పసివాళ్లకీ ఆ సర్దుబాటే గండం.

ఇక నూనె సంగతి. ఇప్పచెట్టు అనగానే పూలు, సారా గుర్తొస్తాయి. చలికాలానికి పనికొచ్చేది మాత్రం దాని గింజ. పూలు రాలిపోయాక కాయలు పండి, ఎండలు ముదిరి తొలకరి దగ్గరపడే వేళ గింజలు చేతికొస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో వాటిని టోరా అంటారు. పైపెంకు పగలగొట్టి పప్పు ఎండబెట్టి గానుగాడిస్తే పచ్చటి నూనె వస్తుంది. వేసవిలో ధారగా పోసే ఆ నూనె డిసెంబరు తెల్లవారుజామున చూస్తే సీసాలో పేరుకుని వెన్నలా నిలబడిపోతుంది. సీసాను పొయ్యి గట్టు మీద పెడితే ముందు గాజును ఆనుకున్న అంచు కరిగి తేటపడుతుంది, నడుమ ముద్ద కాసేపు తేలుతూ ఉంటుంది. తరవాత అదీ కరుగుతుంది. అరచేతిలో వేసుకుని పగిలిన మడమలకు, పిల్లల మోకాళ్లకు, పొడిబారి తెల్లటి గీతలు పడే ముంజేతులకు రాస్తే చర్మం పట్టుకుంటుంది. పై పొరలోంచి నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది. శాస్త్రం అభ్యంగం అన్నదాంట్లో మర్మం సగం ఇదే. కూరలోనూ ఇదే నూనె పడుతుంది. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 120 కేలరీలు. గ్రాముకు గ్రాము లెక్కేస్తే అన్నంలోని పిండిపదార్థం ఇచ్చేదానికి రెండింతల పైచిలుకు. జఠరాగ్నికి ఇంతకంటే దట్టమైన కట్టె లేదు.

నూనె మర్దన ఒట్టి నమ్మకమేనా అని అడిగేవారికి ఒక ఉదాహరణ. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండక పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాసి చూస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు గణనీయంగా తగ్గాయని 2005లో లాన్సెట్‌లోనే వచ్చింది. చర్మం గోడ గట్టిపడితే క్రిములకు దారి మూసుకుపోవడమే దానికి కారణమని ఆ పరిశోధకుల వివరణ. అలాగని ఏ నూనైనా ఒకటే అనలేం. ఆవనూనె పసిచర్మాన్ని గీరుకుపోయేలా చేయగలదు. పెద్దల మోకాళ్లకు మంచిదైనది పదిరోజుల బిడ్డకు మంచిది కానక్కర్లేదు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ఏ మర్దన కన్నా ముందు కావలసింది తల్లి రొమ్మున చర్మానికి చర్మం ఆనేలా హత్తుకుని ఉంచడం. చలిరాత్రి అంతకు మించిన వెచ్చటి గది లేదు.

తిండి విషయంలో చరకుడి మాటకూ మన పండుగలకూ ఉన్న పొంతన చూస్తే ముచ్చటేస్తుంది. కొత్తబియ్యం, బెల్లం, నూనె, నువ్వులు కలిస్తే అరిసె. సరిగ్గా హేమంతం శిశిరంలోకి దిగే సంక్రాంతికి దాన్ని వండుకుంటాం. భోగినాడు తలంటు, మంట, ఆ తరవాత రథసప్తమి ఎండ: ఇవన్నీ ఆ అధ్యాయంలోని మాటలే, మన వాకిట్లో ఇంకో రూపంలో. శబరికి అవతల ఆదివాసుల ఇళ్లల్లో ఇదే పని మరో సరుకుతో జరుగుతుంది. బస్తర్‌లో పండుగను పండుం అంటారు. కొత్త పంటను దేవతకు పెట్టాకే నోట పెట్టుకోవడం వాటిలో ముఖ్యం. మెరకచేలల్లో ఉలవలు, వలిసెలు పండుతాయి. అరకులో చూసే ఆ పసుపుపచ్చ వలిసె పూలే ఇక్కడా చలికాలపు కొండవాలుల్ని కప్పుతాయి. గింజ నిండా నూనె. ఉలవలు వేడిచేసే గుణం ఉన్నవని, వాత కఫాలను, దగ్గును, ఆయాసాన్ని తగ్గిస్తాయని, రక్తస్రావం ఉన్నవారికి మాత్రం పడవని చరకుడు రాశాడు. చోళ్లు, అంటే రాగులు, అక్కడ మడియా. వాటి జావను పేజ్ అంటారు. వేసవిలో చల్లగా, పులియబెట్టి తాగే ఆ పేజ్‌నే చలికాలం ఉదయం పొయ్యి మీంచి దించి వేడివేడిగా తాగితే ఋతుచర్య అక్కడికక్కడే నెరవేరినట్టు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. శబరి చేపలు, ఎండ్రకాయలు, ఇంటికోడి పులుసు కూడా ఈ కాలపు పథ్యమే. ఆయుర్వేదం అంటే శాకాహారం అనుకునే పట్టణపు అపోహను హేమంత అధ్యాయం ఒక్కటి చదివినా వదిలించుకోవచ్చు. అందులో మాంసరసాల ప్రస్తావన ఎక్కువ.

ఉసిరి గురించి కొంచెం ఆగి చెప్పాలి. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా బస్తర్ అడవుల్లో ఉసిరి కాపు. సేకరించినవాళ్లు కాయల్ని ఉడకబెట్టి, తొనలు విడదీసి, చాపల మీద ఎండబోస్తారు. మొదట పచ్చగా, పారదర్శకంగా ఉన్న తొనలు రెండు రోజులకే ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతాయి, వారానికి నల్లగా గలగలలాడతాయి. ఆ ఎండుముక్క బుగ్గన పెట్టుకుంటే ముందు వగరు, తరవాత పులుపు, నీళ్లు తాగితే తీపి. నారింజ కన్నా ఎన్నో రెట్లు సి విటమిన్ ఉన్న ఈ కాయ సంతలో కిలోల లెక్కన వెళ్లిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు చ్యవనప్రాశ డబ్బాగా వస్తుంది. చరక సంహితలోని చ్యవనప్రాశకు 500 ఉసిరికాయలు కావాలి. అది రసాయన చికిత్సలో, కృశించిన ముసలివారికీ, దగ్గుతో చిక్కిపోయినవారికీ చెప్పిన లేహ్యం. ఇప్పటి డబ్బాల్లో చాలావాటి బరువులో పెద్ద వాటా చక్కెరదే. మధుమేహం ఉన్నవారు చలికాలపు బలం కోసం రోజూ రెండు చెంచాలు నాకితే బలం మాట దేవుడెరుగు, చక్కెర పెరగడం ఖాయం. ఉసిరిముక్క, ఉసిరి పచ్చడి, పప్పులో ఉసిరి చాలు. భస్మాలు, రసౌషధాల జోలికి సొంతంగా అసలే వెళ్లకూడదు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించి, ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2008లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. చలికాలపు ఆయుర్వేదం వంటింట్లో ఉన్నంతసేపు క్షేమం. సీసాలోకి దిగాక అడిగి తెలుసుకోవలసినవి ఎన్నో ఉంటాయి.

మరో అలవాటును కూడా ప్రశ్నించాలి. 2020 మార్చిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షల కషాయం తాగమని సూచించినప్పటి నుంచి, చలికాలం అంటే పొద్దున్నే ఘాటు కషాయం అని చాలా ఇళ్లల్లో స్థిరపడిపోయింది. జలుబు చేసినప్పుడు, గొంతు పట్టేసినప్పుడు అది హాయినిస్తుంది, కాదనను. కానీ ఋతుచర్య చెప్పేది దీనికి దాదాపు వ్యతిరేకం. శిశిరంలో కారం, చేదు, వగరు రుచులు తగ్గించమంటుంది, ఎందుకంటే అవి ఒంటిని ఇంకా ఎండగడతాయి. తీపి, పులుపు, ఉప్పు, జిడ్డు ఉన్నవి తినమంటుంది. మందును రోజువారీ తిండిగా మార్చుకుని, తిండిని తగ్గించుకోవడం చలికాలంలో చేయకూడని పని. కషాయం తాగి పనికి వెళ్లే మనిషి కన్నా రాగిజావలో బెల్లంముక్క వేసుకుని తాగి వెళ్లే మనిషే శాస్త్రానికి దగ్గరగా ఉన్నాడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. గోండులకీ, దోర్లలకీ, కోయలకీ సొంత వైద్యం, సొంత లోకజ్ఞానం ఉన్నాయి. వైద్యం చేసే గునియాలు, సిర్హాలు ఉన్నారు. వాటి మీద సంస్కృత శాస్త్రం ముద్ర వేయడం న్యాయమా? న్యాయం కాదు, అలా వేయకూడదు కూడా. అక్కడి ఇల్లాలు ఇప్పనూనె రాసేది చరకుడు చెప్పాడని కాదు. అయితే మూలికల పేర్లూ రూపాలూ అడవిలో మేకలు, ఆవులు కాచేవారికీ, వనవాసులకూ తెలుసని చరక సంహిత మొదటి అధ్యాయమే ఒప్పుకుంటుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది తెలిసినవాడే వైద్యుడని ఆ వెంటనే అంటుంది. అంటే అప్పు ఎటునుంచి ఎటు వచ్చిందో పుస్తకమే చెప్పింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం ఒకదాన్ని మరొకదానిలో కలిపేయడం కాదు. నేలను బట్టి పథ్యం మారాలన్నది కూడా ఆ శాస్త్రం మాటే. మెట్ట నేల వేరు, నీరూ అడవీ నిండిన అనూప దేశం వేరు, నడిమి నేల వేరు అని అది విడదీసింది. శబరి ఒడ్డుకు కుంకుమపువ్వు పాలు తేవడం ఆ విభజనకే అపచారం.

రెండో అభ్యంతరం పట్నం నుంచి వస్తుంది. నూనె, నెయ్యి, మాంసం, బెల్లం తినమంటే కొలెస్ట్రాల్ పెరగదా? పెరుగుతుంది, ఒళ్లు వంచని మనిషికి. వరి కోసి, కట్టి, మోసి, నూర్చే నెలల్లోని శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాటను, రోజంతా కుర్చీలో కూర్చునే శరీరానికి తగిలించకూడదు. చలికాలంలో వ్యాయామం కూడా జిడ్డు ఆహారం తినే బలవంతుడే, అదీ తన శక్తిలో సగం మేరకే చేయాలని మరో ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు కొలత పెట్టాడు. సుక్మాలో ఇద్దరూ ఉన్నారు: చేలో నడుము వంచే రైతు, బల్ల ముందు కూర్చునే గుమస్తా. రాత్రంతా మోర్చాలో కాపలా కాసే జవాను పథ్యం మొదటివాడిదే. గుమస్తాకు అదే పళ్లెం వడ్డిస్తే అది ఋతుచర్య కాదు. ఇంకో మాట కూడా దాచకూడదు. హేమంతంలో మద్యం తాగవచ్చని చరకుడు రాశాడు. దాన్ని ఇప్పసారాకు అనుమతిపత్రంగా చూపేవారున్నారు. సారా తాగితే వెచ్చగా అనిపించేది చర్మంలోని రక్తనాళాలు విచ్చుకోవడం వల్ల. అంటే లోపలి వేడి బయటికి పోతోందన్నమాట. తాగి ఆరుబయట పడుకున్న మనిషికి ఆ చలిరాత్రి ప్రాణం మీదికి తెస్తుంది. పాత గ్రంథం మాట తప్పని తేలినచోట తప్పనే చెప్పాలి.

పథ్యం ఆగవలసిన గీతలు సుక్మాలో మరీ స్పష్టంగా ఉన్నాయి. మొదటిది జ్వరం. బస్తర్‌లో ఎర్రచీమల పచ్చడి చాప్‌డా జలుబుకీ జ్వరానికీ మందని నమ్మకం. పుల్లటి ఆ పచ్చడి ఆకలి పుట్టించే మంచి తిండే, కానీ మలేరియాను తగ్గించలేదు. 2020 జనవరిలో మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదలుపెట్టి ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేసినప్పుడు, మలేరియా ఉన్నట్టు తేలినవారిలో చాలామందికి ఏ లక్షణమూ లేదు. కాబట్టి చలికాలంలో వచ్చిన వణుకును చలి అనుకుని కుంపటి దగ్గర కూర్చోవడం కన్నా, ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ దగ్గరికి వెళ్లి వేలిచివర రక్తం చుక్క ఇవ్వడం ముందు జరగాలి. రెండోది సికిల్ సెల్ రక్తహీనత. ఈ జబ్బున్నవారికి చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా రక్తకణాలు కొడవలిలా వంగి నాళాలకు అడ్డం పడతాయి, ఎముకలు పిండేసే నొప్పి వస్తుంది. ఆయుర్వేదం హేమంతానికి చెప్పిన వేడినీళ్లు, వెచ్చటి బట్ట, గాలి సోకని చోటు ఇతరులకు సుఖం, వీరికి రక్షణ. ఆ అలవాట్లతో పాటు డాక్టరిచ్చే హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆసిడ్ ఆపకూడదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్లమందిని పరీక్షించే లక్ష్యం పెట్టుకుంది. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావారూ ఆ పరీక్ష చేయించుకోవాలి. మూడోది పొగ. నిప్పులతో వెచ్చబెట్టిన లోగదిలో ఉంటే చలి దోషం అంటదని వాగ్భటుడు రాశాడు. తలుపులు బిగించిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా చంపుతుందన్నది తరవాత తెలిసిన సత్యం. పొయ్యి పొగ పసిపిల్లల నిమోనియాకు దారి తీస్తుంది. పడుకునే ముందు గది వెచ్చబెట్టి, నిప్పులు బయట పారబోసి పడుకోవాలి.

ఇన్ని చెప్పాక కూడా మొదటి ప్రశ్న మిగిలే ఉంది: అగ్నికి చాలినంత తిండి ఉందా? 2012లో దంతెవాడ నుంచి విడివడిన ఈ జిల్లాలో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా ఆదివాసులు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. చరకుడి హెచ్చరిక తలుచుకుంటే ఈ అంకె బాధపెడుతుంది. ఆకలి పెరిగే కాలంలో పళ్లెం పెరగని పిల్లలు వీళ్లు. ఇప్పగింజ, ఉసిరి, చింతపండు సంతలో అమ్ముడై ఉప్పు, బట్ట, బడి ఖర్చు అవుతాయి. ఆ డబ్బు అవసరమే, అమ్మవద్దని ఎవరూ అనలేరు. కానీ ఊరి దగ్గర గానుగ ఉంటే గింజ అమ్మి ప్యాకెట్ నూనె కొనే తిరకాసు తప్పుతుంది. అంగన్‌వాడీ పళ్లెంలో గుడ్డు, చోళ్లు, ఒక చెంచా నూనె చలికాలం నాలుగు నెలలైనా తప్పకుండా పడితే అది ఏ రసాయనం కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఇంటి వరకు చూస్తే, చలి ముగిసేదాకా ఒక సీసా ఇప్పనూనె, ఒక బుట్టెడు ఎండు ఉసిరి, ఒక కుండెడు ఉలవలు అమ్మకానికి పెట్టకుండా ఉంచుకోగలిగితే మంచిది.

చలి ఒక్కరోజులో పోదు, పథ్యమూ ఒక్కరోజులో మార్చకూడదు. పోయే ఋతువు చివరి వారం, వచ్చే ఋతువు మొదటి వారం కలిపి పద్నాలుగు రోజులను వాగ్భటుడు ఋతుసంధి అన్నాడు. ఆ రోజుల్లో పాత అలవాటును కొద్దికొద్దిగా వదులుతూ కొత్తదాన్ని కొద్దికొద్దిగా పట్టుకోవాలి. చలికాలమంతా పోగైన కఫం వసంతపు ఎండకు కరిగి దగ్గు, రొంపగా దిగుతుంది కాబట్టి అప్పటికే బెల్లం, జిడ్డు, పగటినిద్ర తగ్గించి ఉండాలి. శిశిరంలో వద్దన్న చేదు, వగరు అప్పుడు పనికొస్తాయి. సుక్మాలో ఆ సంధికాలాన్ని క్యాలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. పొయ్యి గట్టు మీద పెట్టకుండానే సీసాలో నూనె ఉదయానికి తేటగా కనిపిస్తుంది. ఇంకొన్నాళ్లకు ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు ఎండుటాకులు ఊడ్చి నేల చదును చేస్తుంటారు, తెల్లవారేసరికి రాలబోయే పూల కోసం.